తాటిపూడి గేట్లు ఎందుకు ఎత్తుతారు?

ప్రశ్న: మాది మధురవాడ. వానాకాలంలో తాటిపూడి రిజర్వాయరు గేట్లు ఎత్తి గోస్తని నదిలోకి నీళ్లు వదిలారని పేపర్లో చూస్తుంటాం. ఎండాకాలం వస్తే మా అపార్ట్‌మెంటుకి ట్యాంకరే గతి. ఉన్న నీళ్లు సముద్రం పాలు చేయడం ఏం తెలివండీ?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నీటిపారుదల శాఖలో పనిచేసినన్నాళ్లూ ఈ మాట పడుతూనే ఉన్నాను. తాటిపూడిది మట్టికట్ట. నిండు మట్టం, సముద్రమట్టం నుంచి లెక్కేస్తే, 297 అడుగులు. పక్కనుంచి నీళ్లు ఎంత ఒత్తినా మట్టికట్ట ఓర్చుకుంటుంది. పైనుంచి పొర్లాయా, కోసుకుపోతుంది. మనకి తుపాన్ల టెన్షన్ ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. అనంతగిరి కొండల్లో రాత్రి కుండపోతగా కురిస్తే ఆ వరదంతా ఇక్కడికే దిగుతుంది. అప్పటికప్పుడు గేట్లన్నీ ఎత్తితే కింది ఊళ్లు మునుగుతాయి. అందుకే ముందునుంచే కొద్దికొద్దిగా వదిలి చోటు ఉంచుకుంటారు. వదిలిందంతా సముద్రంలోకే పోదు, కొంత గోస్తని ఇసుకలో ఇంకి ఊటబావులకి అందుతుంది.

నన్నడిగితే గేట్ల కంటే కాలవలకి నీళ్లు వదిలే తూముల సంగతే ఎక్కువ బాధ. క్యూసెక్కు అంటే సెకనుకి దాదాపు 28 లీటర్లు. షట్టరు సరిగా దిగక ఒక్క క్యూసెక్కు కారిందనుకోండి, రోజుకి 24 లక్షల లీటర్ల పైమాటే. మీరు తెప్పించుకునే పదివేల లీటర్ల ట్యాంకర్లయితే 240కి పైనే! వరద నాలుగు రోజుల ముచ్చట, కారే తూము ఏడాది పొడుగునా కారుతుంది. గేట్లు ఎత్తితే ఫొటో వేస్తారు గానీ షట్టరుకి రబ్బరు సీలు అరిగిందని ఎవరు రాస్తారు?

ఇంకో మాట. 1960ల్లో దీన్ని కట్టింది పొలాల కోసం. నగరం తర్వాత వాటాకి వచ్చింది. శారద నది మీది రైవాడ రిజర్వాయరు నీళ్ల విషయంలోనూ రైతులది అదే గొడవ, అందులో న్యాయం లేకపోలేదు. నాట్లకి నీళ్లు ఆపి మన కొళాయిలకి ఇమ్మనలేం కదా.

తుపాన్లు దాటి గేట్లు దించేశాక, డిసెంబరు ఆఖరుకి నీటిమట్టం ఎన్ని అడుగులుందో పేపర్లో చూడండి. 297కి బాగా తక్కువగా ఉంటే, అప్పుడు గట్టిగా అడగండి.