నలభై నాలుగేళ్లకు గర్భం: ఎవరికి ముందు చెప్పాలి?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. సైకాలజిస్టును. నెలసరి ఆగిపోయే దశ అనుకున్నాను; పరీక్షలో తొమ్మిదో వారం గర్భమని తేలింది. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మావారు ‘నీ ఇష్టం’ అంటున్నారు. అమ్మాయికి, నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చేవారికి ఎలా చెప్పాలి? ఎందరికో ధైర్యం చెప్పిన నాకే నిద్ర పట్టడం లేదు.

జవాబు: అందరికీ ఎలా చెప్పాలో అడిగారు గానీ, ఈ బిడ్డ కావాలో వద్దో మీరు ఎక్కడా రాయలేదు. ముందు ఆ మాట తేలాలి. అందుకు మీకు పరిచయం లేని మరో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఎదుటివారి మనసు చదవడం వచ్చినంత మాత్రాన మన భయం మనకు లొంగదు.

ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. ఈ వయసులో తొలి నెలల్లో గర్భం నిలవకపోవడం ఎక్కువే. బీపీ, షుగర్ మీద కన్ను వేసి ఉంచాలి. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే, ఎదుగుదల మందగించే జన్యులోపం) అవకాశం తల్లికి 40 ఏళ్లున్నప్పుడు సుమారు వందలో ఒకటి, 45కు ముప్ఫైలో ఒకటి. పదో వారం నుంచి రక్తపరీక్షతో, 11–13 వారాల మధ్య స్కానింగ్‌తో కొంత అంచనా దొరుకుతుంది. వద్దనుకుంటే, 2021 సవరణ తర్వాత చట్టం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయంతో గర్భస్రావాన్ని అనుమతిస్తోంది. సమ్మతి మీదొక్కటే చాలు.

అయినా ‘నీ ఇష్టం’ అని మీవారు తప్పుకోకూడదు. బరువంతా మీ మీదే పడుతోందని చెప్పి, ఆయన మనసులో ఏముందో అడగండి. అమ్మాయికి మాత్రం నిర్ణయం అయ్యాక, బంధువుల నోట వినకముందే మీరిద్దరూ కూర్చుని చెప్పండి. సిగ్గుపడినా, కోపం తెచ్చుకున్నా తెచ్చుకోనివ్వండి. బిడ్డను చూసుకునే బాధ్యత ఆమె మీద పడదని స్పష్టంగా చెప్పండి.

నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది మీ దగ్గరికి వచ్చేవారి గురించి. వారిలో పిల్లలు కలగని స్త్రీ, గర్భం పోగొట్టుకున్న స్త్రీ ఉండవచ్చు. మీ పొట్ట చూసి తెలుసుకునే పరిస్థితి వారికి రానివ్వకండి. తొలి మూడు నెలలు దాటాక ఒక్కొక్కరితో విడిగా, సెషన్ మొదట్లోనే రెండు మాటల్లో చెప్పి, మిగిలిన సమయం వారికే వదిలేయండి. ఎవరైనా ఇక రానంటే నొచ్చుకోకుండా మరో కౌన్సెలర్ వివరాలు ఇవ్వండి. సెలవు ఎప్పటి నుంచి, ఆ కాలంలో వారిని ఎవరు చూస్తారు అన్నది కాగితం మీద రాసి ముందే చేతికివ్వండి.