వ్యాక్సిన్ ఫ్రిజ్‌కి సెన్సార్ పెట్టాక మాకు తెలిసింది

ఫ్రిజ్‌లకు ఉష్ణోగ్రత చూసే ఇంటర్నెట్ సెన్సార్లు పెడితే సిబ్బందికి నిజంగా ఏమైనా తెలుస్తుందా, లేక ఊరికే అంకెలు పోగవుతాయా అని అడిగారు కదా. నేను ఒక పిల్లల ఆసుపత్రిలో ఫార్మసీ చూసుకుంటాను, మా దగ్గర జరిగింది చెబుతాను.

చాలావరకు వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఉదయం 9కి, సాయంత్రం 5కి చూసి రిజిస్టర్‌లో రాసేవాళ్లం, ఎప్పుడు తీసినా 4, 5 అనే ఉండేది. సెన్సార్ పెట్టిన మూడో రోజే తెల్లవారుజామున 3 గంటలకు పై అరలో మైనస్ 1 చూపించింది. వేడెక్కితేనే పాడవుతాయని చాలామంది అనుకుంటారు గానీ హెపటైటిస్ బి, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఒకటే టీకా) లాంటివి ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరావు, కరిగాక పైకి చూస్తే తేడా తెలియకపోవచ్చు కూడా. ఆ అర మొత్తం పారేశాం. ఆ బ్యాచ్ వేయించుకున్న పిల్లల ఇళ్లకు డాక్టర్‌గారు ఫోన్లు చేయించి మళ్లీ వేశారు. అంతకుముందు ఎన్ని రాత్రులు అలా జరిగిందో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కారణం మాత్రం సెన్సార్ చెప్పలేదు. రిటైరైన మా నర్సు సిస్టర్‌గారికి ఫోన్ చేస్తే, "కింద అరలో నీళ్ల సీసాలు పెట్టేదాన్ని, ఉన్నాయా?" అని అడిగారు. కొత్తవాళ్లు చోటు సరిపోక తీసేశారు, అవెందుకో ఎవరికీ తెలియదు. మాది మామూలు ఇంటి ఫ్రిజ్, రాత్రంతా తలుపు తీసేవాళ్లుండరు కాబట్టి చల్లదనం మరీ ఎక్కువైపోతుంది, ఆ నీళ్లుంటేనే లోపలి చల్లదనం ఒక్కసారిగా అటూ ఇటూ కాదు. సీసాలు తిరిగి పెట్టి, ఫ్రీజర్‌కి కిందనే ఉండే ఆ పై అర ఖాళీ చేస్తే గ్రాఫ్ సర్దుకుంది. తర్వాత వ్యాక్సిన్ల కోసమే చేసే ఫ్రిజ్ కొన్నాం.

అందుకే ఇప్పుడు అలర్ట్ ఎందుకొచ్చింది, ఏం చేశాం అని రెండు లైన్లు రాస్తేనే యాప్‌లో అది క్లోజ్ అయ్యేలా పెట్టించాం. కొత్త నర్సు చేరితే ముందు అవే చదివిస్తాం.

సెన్సార్ కొనేముందు దగ్గర్లోని పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వెళ్లి కోల్డ్ చైన్ హ్యాండ్లర్‌తో, అంటే అక్కడ వ్యాక్సిన్లను చల్లగా భద్రపరిచే మనిషితో మాట్లాడండి. ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన, వాళ్లు వాడే ఈవిన్ అనే వ్యాక్సిన్ నిల్వల ఆన్‌లైన్ వ్యవస్థలో సెన్సార్ ప్రతి 10 నిమిషాలకు ఉష్ణోగ్రత నమోదు చేస్తుంది, తేడా వస్తే మెసేజ్ వెళ్తుంది. అలర్ట్ అందరికీ పెట్టకండి, ఎనిమిది మందికి పెడితే ఇంకొకరు చూస్తారులే అని ఎవరూ కదల్లేదు, డ్యూటీలో ఉన్న ఒక్కరికి వెళ్లి, వాళ్లు పలకకపోతే రెండో మనిషికి వెళ్లాలి. సిమ్ ఉన్న సెన్సారే తీసుకోండి, మా మొదటిది వైఫైది, కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్‌తోపాటే రౌటర్ కూడా ఆగిపోయింది.