బ్రేకు పైపు ఎక్కడ చిట్లిందన్నదే మీ కేసు

ప్రశ్న: మాది విజయవాడ పటమట. బ్రేకు గట్టిగా పడుతుందని స్నేహితులు చెప్పగా, స్టెయిన్‌లెస్ స్టీలు తీగ అల్లిన బ్రేకు పైపులు నాలుగింటిని రూ.11,200కు ఆన్‌లైన్‌లో కొని, ఆటోనగర్‌లో ఒక మెకానిక్ చేత వేయించాను. నాలుగు నెలలకు కనకదుర్గ వారధి మీద పెడల్ నేలకు అంటిపోయి కారు డివైడర్‌ను గుద్దింది. అమ్మ మోకాలికి దెబ్బ తగిలింది. మరమ్మతుకు రూ.86,400 అయింది. ఇది జరిగి 21 నెలలు. బిగింపు తప్పని అమ్మినవారు, సరుకు తప్పని మెకానిక్ అంటున్నారు. మెకానిక్ బిల్లు ఇవ్వలేదు. తెలిసిన దుకాణంలో పాత తేదీతో బిల్లు రాయించుకోవచ్చా?

జవాబు: మీరు పంపిన మూడు పేజీల లేఖలో ఆ రాత్రి పడిన భయం గురించి, మెకానిక్ మాట్లాడిన తీరు గురించి వివరంగా రాశారు. వాటి మీద ఈ కేసు తేలదు. రెండో పేజీ చివర మీరు యథాలాపంగా రాసిన ఒక్క వాక్యం మీదే తేలుతుంది: ‘కుడివైపు ముందు చక్రం దగ్గరి పైపు ఒక పక్కన అల్లిక అరిగి మెరుస్తోంది, సరిగ్గా అక్కడే చిట్లింది.’

లోపలి టెఫ్లాన్ గొట్టం ఒత్తిడికి ఉబ్బకుండా పైనున్న స్టీలు అల్లిక పట్టి ఉంచుతుంది కనుకనే పెడల్ గట్టిగా అనిపిస్తుంది. కానీ ఆ అల్లిక టైరుకో ఇనుప భాగానికో రోజూ రాసుకుంటే తీగలు ఒక్కొక్కటే తెగి, చివరికి లోపలి గొట్టం బయటపడుతుంది. అందుకే బిగించేవాడు పైపు మెలి తిరగకుండా క్లిప్పులో కూర్చోబెట్టి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, కారును జాకీ మీద లేపి చక్రం వేలాడినప్పుడు కూడా పైపు లాగబడకుండా, దేనికీ తగలకుండా ఉందో లేదో చూడాలి. పైపు చివరి కప్లింగులో నుంచి గొట్టం ఊడి వచ్చి ఉంటే తప్పు తయారీదని అనుమానించేవాణ్ణి. మధ్యలో ఒక పక్క అరిగి చిట్లిందంటే, మీ మాట నిజమైన పక్షంలో, ప్రధాన బాధ్యత బిగించినవాడిది. అది సేవాలోపం, అంటే డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం.

అయినా వినియోగదారుల కమిషన్‌లో వేసే ఫిర్యాదులో అమ్మినవారిని, మెకానిక్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే, ఆ ఒక్కరూ తప్పును కమిషన్ ముందు లేని రెండోవారి మీదకు తోసేస్తారు.

ఇంత కీలకమైన పైపును మీరు 21 నెలలుగా డిక్కీలో జాకీ, స్పానర్ల పక్కన పడేసి ఉంచారు. ఆ అరుగుదల డిక్కీలో స్పానర్లు తగిలి వచ్చిందేనని ఎదుటి న్యాయవాది అంటే మీ దగ్గర ఏం సమాధానం ఉంది? దాన్ని భద్రపరచడం ప్రమాదం జరిగిన వారంలోనే చేయవలసిన పని. ఇప్పుడైనా దాన్ని తుడవకుండా, కోయించకుండా, అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో కవరులో సీలు వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 ప్రకారం వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఆ ఖర్చు ముందుగా మీరే జమ చేయాలి.

ఇక పాత తేదీ బిల్లు సంగతి. ఆ పని చేయవద్దు. ఎవరు చెప్పినా చేయవద్దు. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణగానే చట్టం పరిగణిస్తుంది. అక్కడ దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అసలు పని చేయని దుకాణం బిల్లు ఒకే ఒక్క ఎదురు ప్రశ్నతో బయటపడుతుంది, దానితో మీ దగ్గరున్న నిజమైన సాక్ష్యం మీద కూడా నమ్మకం పోతుంది. పైగా ఆ బిల్లు మీకు అవసరమే లేదు. మెకానిక్‌కు ఫోన్‌పేలో పంపిన రూ.2,500, పైపులు బిగించాక అతను వాట్సాప్‌లో పెట్టిన ఫోటో మీ దగ్గర ఉన్నాయని మీరే రాశారు. బ్యాంకు స్టేట్‌మెంటుతో పాటు, ఫోన్ రికార్డుల వంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఇవ్వవలసిన ధ్రువపత్రం జతచేసి వాటిని దాఖలు చేయండి. చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడమే 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కనుక, బిల్లు లేకపోవడాన్ని అతని మీద ఆరోపణగానే రాయవచ్చు.

ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చరాదనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52ను ప్రతివాదులు తప్పక ఎత్తుతారు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పిన తీర్పును కూడా చూపిస్తారు. బ్రేకు పైపు వివరం ఆర్‌సీలో నమోదయ్యేది కాదన్నది మన జవాబు. డబ్బు తీసుకుని బిగించినవాడు జాగ్రత్తగా బిగించవలసిన బాధ్యత నుంచి ఆ వాదనతో తప్పించుకోలేడని కూడా వాదించాలి. అయినా మార్పు సంగతి దాచకుండా ఫిర్యాదులో మీరే ముందు చెప్పండి.

మీకు మిగిలిన గడువు మూడు నెలలు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వివాద కారణం పుట్టిన రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ‘వచ్చే వారం చూద్దాం’ అని మెకానిక్ తిప్పించుకున్న నెలలను ఈ లెక్క నుంచి ఎవరూ తీసివేయరు, లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, దాని మీద ఆధారపడవలసిన స్థితి తెచ్చుకోకండి. ఈ వారమే ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, గడువు ముగిసిన మర్నాడే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దాఖలు చేయండి. అమ్మినవారు వేరే రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోట ఫిర్యాదు చేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు కనుక రుసుము ఉండదు. ఆన్‌లైన్‌లో ఇ-జాగృతి పోర్టల్ ద్వారానూ దాఖలు చేయవచ్చు. మరమ్మతు బిల్లు, పైపుల ధర, కూలి, మీ అమ్మగారి వైద్యం రసీదులు విడివిడిగా చూపండి. మానసిక వేదనకు మీరు అడిగిన రూ.10 లక్షలకు ఆధారం లేదు, కమిషన్ సమంజసమనుకునే మొత్తానికే పరిమితం కండి.

మిగతా మూడు పైపులు ఇంకా కారులోనే ఉన్నాయా లేదా అన్నది మీరు రాయలేదు. ఉంటే, మొదట ఆ చక్రాలు విప్పించి, అవి ఎలా బిగించి ఉన్నాయో ఉన్నది ఉన్నట్టుగా వీడియో తీయించండి. తర్వాత వాటిని విప్పించి, కంపెనీ పైపులు వేయించేవరకు ఆ కారులో ఎవరినీ ఎక్కించవద్దు. విప్పిన మూడింటినీ కూడా వేరే కవరులో సీలు వేసి, నోటీసు రాయించడానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి.