పుస్తకం ప్రచారం కోసం అసలు సొమ్ము కదపొద్దు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. వయసు 62. ఒక ట్రస్టు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. భర్త లేరు. ప్రసూతి వార్డులో గడిచిన రోజులు, ప్రార్థన మీద ఆధారపడి నెగ్గుకొచ్చిన కష్టాలు జ్ఞాపకాలుగా రాసుకున్నాను. సొంత డబ్బు 65,000 పెట్టి 500 కాపీలు అచ్చు వేయించాను. వెల 200. ఐదు నెలల్లో 190 కాపీలు పోయాయి. అందులో 85 ఊరికే ఇచ్చినవి. అమ్మినవాటిలో 32 కాపీల డబ్బు ఇంకా రావాలి. ఒక ప్రచార సంస్థవాళ్లు 1.20 లక్షలు కడితే ఆన్‌లైన్ ప్రచారం, యూట్యూబ్ ఇంటర్వ్యూ, పుస్తకానికి గుర్తింపు సంఖ్యగా ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు, ‘బెస్ట్‌సెల్లర్’ గుర్తింపు అన్నీ తామే చూసుకుంటామంటున్నారు. అడ్వాన్సుగా 5,000 పంపాను. మిగతాది పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో ఉన్న 9 లక్షల నుంచి తీద్దామనుకుంటున్నాను. ఆ ఖాతా తెరిచి 14 నెలలైంది. నాకు పింఛను నెలకు 3,400 వస్తుంది, బ్యాంకులో మరో 60,000 ఉన్నాయి. ఇది దేవుని పని, లెక్కలు చూడకూడదని నా నమ్మకం. మా అబ్బాయి మాత్రం కోప్పడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: వందనాలు అమ్మా. ఆ 9 లక్షలు కదపొద్దు. ప్రచారం మానేయమని మాత్రం అనడం లేదు. ఎవరి సాయమూ లేకుండా ఐదు నెలల్లో 105 కాపీలు అమ్మారు. స్వయంగా అచ్చు వేసుకున్న తెలుగు పుస్తకానికి, అదీ పర్లాకిమిడిలో కూర్చుని, ఇది తక్కువేమీ కాదు.

మీరు అనుకుంటున్నట్టు ఆ స్కీములోంచి కావలసినంత తీసుకుని మిగతాది ఉంచే వీలు లేదు. 1.15 లక్షలు కావాలన్నా ఖాతా మొత్తం మూసేయాల్సిందే. ఏడాది దాటి, రెండేళ్లు నిండకముందు మూస్తే డిపాజిట్‌లో 1.5 శాతం కోసుకుంటారు. 9 లక్షల మీద అది 13,500. మిగిలింది మళ్లీ అదే స్కీములో వేసుకోవచ్చు గానీ, ఆ రోజున్న వడ్డీ రేటే వర్తిస్తుంది. ఇప్పుడు మీకు 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 18,450 వస్తోంది, అంటే నెలకు 6,150. పింఛనుతో కలిపితే 9,550. ఖాతా మూసి, సంస్థకు కట్టి, మిగిలింది అదే రేటుకు తిరిగి వేసినా నెలకు దాదాపు 880 తగ్గిపోతుంది. అది ఈ ఒక్క ఏడాదికి పోయేది కాదు, ఆ డబ్బు మళ్లీ కూడబెట్టేదాకా ప్రతి నెలా తగ్గుతూనే ఉంటుంది. 9,550తో ఇల్లు నడిపే మనిషికి అది గ్యాస్ బండ ఖరీదు, అటూ ఇటూగా.

ఇంకో మాట. ఆ 1.20 లక్షలు జీఎస్టీతో కలిపా, విడిగానా అని అడిగారా? పుస్తకాల మీద జీఎస్టీ లేదు. కానీ ప్రచార సేవల మీద 18 శాతం ఉంది. విడిగా అయితే ఇంకో 21,600 అడుగుతారు.

సరే, కట్టారనే అనుకుందాం. మీ ఇంట్లో ఉన్న 310 కాపీలూ పూర్తి వెలకే అమ్ముడుపోయినా వచ్చేది 62,000. వాళ్లకు కట్టినదానిలో సగం కాస్త దాటుతుంది, అంతే. మళ్లీ అచ్చు వేయించి అమ్ముదామంటే కాపీకి ఖర్చు 130, మిగిలేది 70. ఒక్క 1.20 లక్షలు రాబట్టుకోవాలంటేనే 1,700 పైచిలుకు కాపీలు అమ్మాలి, అవీ మీ చేత్తోనే. పుస్తకాల షాపువాళ్లు 40 శాతం కమిషన్ అడిగారంటే మీ చేతికొచ్చేది 120. కాపీకి పది రూపాయలు ఎదురు పెట్టుకున్నట్టు. ఆ ‘బెస్ట్‌సెల్లర్’ ముద్ర సంగతి కూడా తెలుసుకోండి. ఆన్‌లైన్ దుకాణాల్లో ఈ ర్యాంకులు పూటపూటకీ మారుతుంటాయి. ఎవరూ పెద్దగా కొనని చిన్న విభాగంలో పుస్తకాన్ని పెట్టి, ఒకే రోజు కొన్ని కాపీలు కొనిపిస్తే కాసేపు పైన కనిపిస్తుంది. దాన్ని ఫొటో తీసి మీకు పంపుతారు. ఇక ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పైసా తీసుకోకుండా ఇస్తుంది. దానికి కూడా ప్యాకేజీలో రేటు వేశారంటే మిగతా రేట్లు ఎలా వేశారో ఊహించుకోవచ్చు.

దేవుని పనికి లెక్కలు చూడకూడదన్నారు. అక్కడ మీతో నాకు చిన్న పేచీ ఉంది. నేను మీ సంఘం వాణ్ణి కాను, బైబిలు గురించి మీకు చెప్పేంతవాణ్ణి అంతకన్నా కాను. అయినా, గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో అడిగింది యేసే కదమ్మా. నమ్మకంతో పుస్తకం రాశారు, నమ్మకంతోనే జనం దగ్గరికి వెళ్తున్నారు, బాగుంది. ఆ నమ్మకం బరువంతా మీ నెలసరి తిండి ఖర్చు మీద పడకూడదు.

నాకు కనిపించిన చిక్కు వేరే ఉంది. ఒకే పుస్తకాన్ని కానుకగా ఇస్తున్నారు, అమ్ముతున్నారు కూడా. ఏ కాపీ ఎందులోకి వస్తుందో మీకే తెలియడం లేదు. మీరు ఊరికే ఇచ్చిన 85 కాపీలు అచ్చు ఖర్చు చొప్పున చూసినా 11,050. చిన్న కానుకేమీ కాదు. మీకు రాబడిలో పదో వంతు దేవునికని దశమభాగం తీసే అలవాటుంటే, ఇకమీదట నెలకు నాలుగు కాపీలు, అంటే 520 రూపాయలు, అందులోకే రాసుకోవచ్చేమో మీ పాస్టరు గారితో మాట్లాడండి. మంచాన పడ్డవాళ్లకీ, కొనలేనివాళ్లకీ ఆ నాలుగూ ఇవ్వండి. ఐదో మనిషి అడిగితే ‘వచ్చే నెల ఇస్తానమ్మా’ అనండి. కారులో వచ్చినవాళ్లకు ఊరికే ఇవ్వకండి, దయచేసి.

ముందు ఒక నోటు పుస్తకం కొనండి. ఇచ్చినవి, అమ్మినవి, రావలసినవి అని మూడు గడులు గీయండి. పుస్తకం డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, దాని క్యూఆర్ కోడ్ ప్రింటు తీయించండి. ఇంటి ఖర్చుల ఖాతాలోకి ఒక్క కాపీ డబ్బు కూడా రానివ్వకండి. రావలసిన 6,400 ముందు వసూలు చేయండి. మనవాళ్లని డబ్బడగాలంటే మొహమాటమని నాకూ తెలుసు. ఒక్కసారి ఫోన్ చేసి, పుస్తకం చదివారా, ఎలా ఉందని అడగండి. డబ్బు మాట చాలామంది వాళ్లే ఎత్తుతారు. రెండోసారి అడిగినా ఇవ్వనివాళ్ల కాపీని కానుక గడిలోకి మార్చేసి ఆ సంగతి వదిలేయండి.

ఇక జనాన్ని కలవడం. మీకున్న బలగం ఏ ప్రచార సంస్థకూ లేదు. ఆ వార్డులో పురుడు పోసుకున్న అమ్మలు ఈపాటికి అత్తగార్లు, అమ్మమ్మలు అయ్యుంటారు. వాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. వాట్సాప్ గ్రూపులో పెడితే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వస్తాయి, డబ్బు రాదు. చర్చిల్లో అయితే ముందుగా పాస్టరు గారి అనుమతి అడగండి, స్త్రీల సమాజం కూడికలో పది నిమిషాలు చాలు. పుస్తకం గురించి ఉపన్యాసం వద్దు. కరెంటు పోయిన రాత్రి కాన్పు లాంటి ఒక పేజీ చదివి, ఉత్కంఠగా ఉన్నచోట ఆపేయండి. కానుకల సమయంలో అమ్మకం మాట ఎత్తొద్దు, ఆరాధన వేరు, బేరం వేరు. అంతా అయ్యాక జనం బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటారు చూడండి, అక్కడ చిన్న బల్ల వేసి పది కాపీలు పెట్టండి. ఎక్కువ పేర్చితే ఎవరూ కొనడం లేదనుకుంటారు. డబ్బు తీసుకునే పని యూత్‌లో ఎవరికైనా అప్పగించి, మీరు పలకరింపులు చూసుకోండి. వెల 200 పెట్టడం మంచి పని చేశారు. ఒక్క నోటు, చిల్లర గొడవ లేదు.

మీ వైపు ఒక ఇబ్బంది ఉంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది బడిలో ఒడియా చదువుతున్నారు, తెలుగు చదవడం రాదు. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక మెల్లగా వచ్చిన మార్పు ఇది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లోనే ఇలా అయింది. కాబట్టి ఇక్కడ మీ పాఠకులు యాభై దాటినవాళ్లే. పిల్లల కోసం ఒక అధ్యాయం మీ గొంతుతోనే రికార్డు చేసి పంపండి, ఖర్చు లేదు. ఒడియా అనువాదం ఆలోచన ఇప్పుడొద్దు. అమ్మకం కోసం మాత్రం రైలెక్కండి. నౌపడ–గుణుపూర్ లైన్లోనే పాతపట్నం, టెక్కలి ఉన్నాయి, బడిలో తెలుగు చదువుకున్నవాళ్లు అక్కడ అన్ని వయసుల్లోనూ ఉంటారు. పిలిచి నలుగురిని కూర్చోబెట్టే మనిషి ఉన్న ఊరికే వెళ్లండి. రానుపోను ఖర్చు 300 దాటనివ్వకండి. నవంబరు, డిసెంబరు నెలల్లో కూడికలు ఎక్కువ కాబట్టి ఆ రెండు నెలలకు ఓపిక దాచుకోండి.

దూరం వాళ్లకు పంపాలంటే తపాలా శాఖ 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని నడుపుతోంది. మతం, సంస్కృతి, సమాజానికి సంబంధించిన పుస్తకాలు తీసుకుంటారు. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, పన్ను అదనం. పుస్తకంలో ప్రచురణకర్త పేరో ప్రింటరు పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. ప్యాకింగుతో సహా తూకం వేయించి చూడండి. అన్నట్టు, స్వయంగా అచ్చు వేసుకున్నవాళ్లు చాలామంది ఎరగని సంగతి ఒకటుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకీ తన ఖర్చుతో ఒక్కో కాపీ పంపాలి. గడువు 30 రోజులు, మీకు దాటిపోయింది. అయినా పంపేయండి.

డబ్బుతో సంబంధం లేని ఒక మాట. కాన్పుల కథల్లో ఆ తల్లుల అసలు పేర్లు ఉంటే, మిగిలిన కాపీలు అమ్మేముందు వాళ్లకు చెప్పి అనుమతి తీసుకోండి. కాదన్నవాళ్లవి రెండో ముద్రణలో మార్చేయండి.

ఖర్చు ఎంత పెట్టొచ్చంటారా? మూడు నెలలకోసారి వచ్చే 18,450లో 2,000 తీసి పుస్తకం ఖాతాలో వేయండి. ఫోన్లు, రైలు, పోస్టు అన్నీ అందులోంచే, అమ్మకం డబ్బు కూడా అందులోకే. బ్యాంకులోని 60,000 మీ ఆరు నెలల ఖర్చుకు సరిపోతుంది, ఒంట్లో బాగోలేకపోతే ఆదుకునేది అదే, దాన్ని ముట్టుకోవద్దు. ఇంట్లో 50 కాపీలు మిగిలేదాకా మళ్లీ అచ్చు మాట తలపెట్టకండి. అప్పుడు కూడా వంద చొప్పున డిజిటల్ ప్రింటింగ్ చేయించుకోండి. కాపీకి కాస్త ఎక్కువ పడినా, డబ్బు అట్టపెట్టెల్లో ఇరుక్కుపోదు. పన్ను గురించి టెన్షన్ వద్దు, మీ ఆదాయానికి పన్ను పడదు.

అడ్వాన్సు ఇచ్చిన 5,000 పోతుందని మిగతా 1.15 లక్షలు కట్టేయకండి. ఒప్పందం రద్దు చేసుకుంటున్నానని, అడ్వాన్సు తిరిగి ఇవ్వమని ఈమెయిల్లో రాయండి, మీ అబ్బాయి చేత పంపించండి, ఆయన కోపం కాస్త అక్కడ ఖర్చవుతుంది. పదిహేను రోజుల్లో బదులు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఈలోగా వాళ్లు ఆఫర్ ఈ రోజుతో ఆఖరని ఫోన్ చేస్తే, మా అబ్బాయితో మాట్లాడండని చెప్పి పెట్టేయండి.