ముందు తీగను చూడు

చిరంజీవి సుధీర్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. టెలిఫోన్ లైన్ల పనిలో చేరి నెల తిరక్కుండానే మంచి ప్రశ్న అడిగావు. ఫోను తీగ మీద ఇంటర్నెట్ స్పీడు రావడం లేదు, సిగ్నల్ పవర్ పెంచమని పైవాళ్లకు రాయనా అన్నావు. వద్దు నాయనా. ఒక కేబుల్లో ఎన్నో రాగి తీగల జతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడుస్తాయి. ఒకదానిలో పవర్ పెంచితే అది పక్క జతలోకి కారి వాళ్ల స్పీడు తగ్గిస్తుంది. వాళ్లూ పెంచితే మళ్లీ నీది పడిపోతుంది. కరెంటు మాత్రం అందరికీ ఖర్చవుతుంది.

ముందు రిసీవరెత్తి ఒక అంకె నొక్కు. డయల్‌టోన్ ఆగాక చిటపట వినిపిస్తే ఎక్కడో జాయింటు చెడిందన్నమాట. అలాంటి లైనుకే ఒకసారి మోడెమ్ మార్చాను, ఎక్స్ఛేంజిలో లైను తగిలించే పోర్టు మార్పించాను. రెండు రోజులు పోయాయి. చివరికి జాయింటు డబ్బా మూత తీస్తే, తేమ చేరకుండా కాపాడే జెల్ లేని జాయింటులో రాగికి పచ్చగా చిలుము పట్టి ఉంది. అక్కడికి కత్తిరించి, జెల్ కనెక్టర్ వేసి నొక్కాను. మాటిమాటికీ తెగే లైను నిలబడింది. మొదటి రోజే ఆ మూత తీయాల్సింది.

ఇంకొకటి, ఎవరూ వాడని ఎక్స్‌టెన్షన్ తీగ. దాని చివరిదాకా పోయిన సిగ్నల్ వెనక్కి తిరిగొచ్చి అసలు సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది. మోడెమ్ పేజీలో బిట్ లోడింగ్ గ్రాఫ్ తెరువు, ఏ ఫ్రీక్వెన్సీ ఎన్ని బిట్లు మోస్తోందో అది చూపిస్తుంది. ఫోను తీగ మీద ఇంటర్నెట్ పంపే పద్ధతుల్లో ఒకటైన ఏడీఎస్ఎల్2 ప్లస్‌లో 2.2 మెగాహెర్ట్జ్ దాకా 512 టోన్లు, అంటే చిన్న చిన్న ఫ్రీక్వెన్సీ ముక్కలు, ఉంటాయి, ఒక్కోటి 15 బిట్ల దాకా మోస్తుంది. నున్నగా దిగాల్సిన చోట గుంట కనబడితే ఆ తీగనే అనుమానించు. 50 మీటర్ల తోక ఉంటే 1 మెగాహెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. ఇంకా పై ఫ్రీక్వెన్సీలు వాడే వీడీఎస్ఎల్ అయితే గుంట పడడానికి నాలుగు మీటర్ల ముక్క కూడా చాలు. ఆ తీగను అసలు లైనుకు కలిసే చోటే విప్పి పక్కన పెట్టు.

తీగ బాగయ్యాక మార్జిన్ చూడు, అంటే గోల పెరిగినా లైను తట్టుకోవడానికి మిగిలిన వెసులుబాటు. మామూలుగా 6 డీబీ (డెసిబెల్) సరిపోతుంది. ప్లాన్ స్పీడు పూర్తిగా వస్తూ 12, 15 డీబీ కనిపిస్తుంటే, అప్పుడు రాయి పైవాళ్లకు, పవర్ తగ్గించమని! ఏడీఎస్ఎల్ లైన్లోకి ఎక్స్ఛేంజి పంపేది సుమారు 100 మిల్లీవాట్లే. దాన్ని తోసే లైన్ డ్రైవర్ తినే కరెంటు అంతకు ఎన్నో రెట్లు. వేల పోర్టులున్నచోట ఆ తేడా చిన్నది కాదు, పుట్టే వేడీ తగ్గుతుంది.

లైను ఖాళీగా ఉన్నప్పుడు పవర్ తగ్గించే ఎల్2 మోడ్ 2002లోనే ఏడీఎస్ఎల్2తో వచ్చింది. మంచిదే, కానీ పవర్ ఒక్కసారిగా లేచినప్పుడు పక్క లైను తట్టుకోలేక తెగవచ్చు. అలాంటి ఫిర్యాదులొస్తే టైములు రాసుకో. వెక్టరింగ్ ఉంటే పక్క జతల గోలను లెక్కగట్టి రద్దు చేస్తుంది, కానీ చిలుము పట్టిన జాయింటును అది బాగుచేయలేదు.

రేపు జెల్ కనెక్టర్లు జేబులో వేసుకుని వెళ్లు. పని మొదలుపెట్టక ముందు ఒకటి, అయ్యాక ఒకటి గ్రాఫ్ ఫోటో తీసి నాకు పంపు.

నీ పెదనాన్న