ఆర్డర్ రద్దయింది, వడ్డీ రద్దు కాలేదు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని నేనే రొయ్యల సాగు చేసుకుంటున్నాను. చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు, ఏరియేటర్లు రెండు, ఆన్‌లైన్‌లో 52,000కు కనిపించాయి, ఇక్కడి షాపులో 60,000 చెప్పారు. దాచుకున్న 20,000కు లోన్ యాప్‌లో తీసుకున్న 32,000 కలిపి యూపీఐలో ముందే కట్టేశాను. యాప్ వడ్డీ ఏడాదికి 30 శాతం, ఈఎంఐ 3,120. తొమ్మిదో రోజు రాత్రి ‘స్టాక్ లేదు, ఆర్డర్ రద్దు చేశాం’ అని మెసేజ్ వచ్చింది. తెల్లవారుజామున చూస్తే గాలి చాలక రొయ్య పైకి తేలుతోంది. ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చి భీమవరంలో కొన్నాను. రద్దయి 18 రోజులైనా డబ్బు వెనక్కి రాలేదు. రోజుకు 100 రూపాయలు పరిహారం వస్తుందని స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా? కేసు వేస్తే నా వడ్డీ కూడా ఇప్పిస్తారా? ఈలోపు ఈఎంఐ కోసం క్రెడిట్ కార్డు మీద నగదు తీద్దామనుకుంటున్నాను. ఇంటి ఖర్చు నెలకు 18,000.

జవాబు: మీ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. కార్డు మీద నగదు తీయకండి. సరుకు కొంటే గడువు తేదీ దాకా వడ్డీ ఉండదు గానీ నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైన ఫీజు వేరే. యాప్ అప్పు తీర్చడానికి కార్డు అప్పు, రాని సరుకు కోసం ఊళ్ళో అప్పు. రెండు ఏరియేటర్లకు మూడు చోట్ల బాకీ పడతారా? ఇంట్లో ఎవరైనా డ్వాక్రా గ్రూపులో ఉంటే ఈ నెల 3,120 అక్కడ అడగండి. లేదంటే ఇంటి ఖర్చు బిగించి కట్టండి.

ఇక స్నేహితుడి మాట. రోజుకు 100 రూపాయల నిబంధన ఉన్నమాట నిజమే. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు తెచ్చింది. అయితే అది లావాదేవీ ఫెయిలైనప్పటిది. యూపీఐలో మీ ఖాతా నుంచి డబ్బు పోయి, అమ్మినవాడికి కట్టినట్టు ఖరారు కాకపోతే అయిదు రోజుల్లో వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకు వంద. మీ డబ్బు అమ్మినవాడికి శుభ్రంగా చేరింది. తర్వాత ఆర్డర్ రద్దు చేసింది అతను. అందుకని మీ గొడవ అతనితోనే.

అతన్ని ఎలా పట్టుకోవాలంటే, 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ పేరు, ఫోన్ నంబరు సైటులోనే పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీరు ఇన్నాళ్ళూ కస్టమర్ కేర్ అమ్మాయితో మాట్లాడి ఉంటారు, అది లెక్కలోకి రాదు. ఆ అధికారికి మెయిల్ పెట్టి, రిఫండ్ పంపామంటే దాని రిఫరెన్స్ నంబరు ఇమ్మనండి. నంబరు ఇస్తే మీ బ్యాంకులో వెతికించవచ్చు. ఇవ్వకపోతే డబ్బు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నట్టు. వాలెట్‌లో వేస్తాం, కూపన్ ఇస్తాం అంటే ఒప్పుకోకండి, కట్టిన ఖాతాకే రావాలని రాయండి. అదే రోజు యూపీఐ యాప్‌లోనూ ఆ లావాదేవీ తెరిచి, రద్దయిన సరుకుకు డబ్బు తిరిగి రాలేదని ఫిర్యాదు నమోదు చేయండి.

దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాలా కేసులు ఇక్కడే తెగుతాయని నా అనుభవం. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే చోటు ఏ కమిషన్ కిందికి వస్తే అక్కడే వేయవచ్చు, అమ్మినవాడి ఊరు వెళ్ళక్కర్లేదు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్ళు.

అక్కడ అవతలివాడు ఒక మెలిక పెట్టవచ్చు: ‘ఏరియేటర్ వ్యాపార సామాను, ఇతను వినియోగదారుడే కాడు’ అని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్నవాళ్ళను పక్కన పెడుతుంది కానీ, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవాళ్ళను కాదు. రెండెకరాల్లో మీరే దిగి మేత వేసుకుంటున్నారు కాబట్టి మీ వాదన గట్టిది. ఫిర్యాదులో ఆ మాట మొదటి పేరాలోనే రాయండి. అదే ఏరియేటర్ అదే సైటులో ఇప్పటికీ ఎక్కువ ధరకు కనిపిస్తుంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. స్టాక్ లేదన్న మాట అబద్ధమని చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

వడ్డీ ఇప్పిస్తారా అన్నారు. అడగవచ్చు. పరిహారం, ఖర్చులు కూడా అడగవచ్చు. కానీ మూడు రూపాయల వడ్డీ మొత్తం వస్తుందని లెక్క వేసుకోకండి. ప్రామిసరీ నోటు రాయకుండా తెచ్చిన అప్పయితే దానికి రుజువేదీ? భీమవరం షాపు బిల్లు, రద్దు మెసేజ్, యాప్ అప్పు కాగితం జాగ్రత్త చేయండి. వీటికి విలువ ఉంటుంది.

ఇప్పటిదాకా చెప్పింది అమ్మినవాడి తప్పు. ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది మాత్రం మీ తప్పు గురించి మాట్లాడటానికి. ఇలాంటివి నాకు ప్రతి నెలా వస్తాయి. ఒకరు ఫ్రిజ్, ఒకరు కూతురి ల్యాప్‌టాప్, మీరు ఏరియేటర్లు. అందరిదీ ఒకటే కథ: ఉన్న ఆఖరి రూపాయిని, లేని రూపాయితో కలిపి, సరుకు చేతికి రాకముందే కట్టేయడం.

మీ లెక్కే చూద్దాం. 8,000 మిగుల్చుకుందామనుకున్నారు. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం, 60,000 మీద నెలకు 1,800. పట్టుబడి దాకా, అంటే రొయ్యలు పట్టి అమ్మేదాకా, మూడు నెలలు అనుకుంటే 5,400. యాప్ అప్పుకు మూడు నెలల వడ్డీ 2,200 పైమాటే. రెండూ కలిపి 7,600. చివరికి కొన్నది షాపు ధరకే కాబట్టి ఆ 8,000 ఆదా కూడా లేదు. మీ దగ్గర కదపని డబ్బు ఒక 60,000 ఉండి ఉంటే ఆర్డర్ రద్దయినా మీకు మిగిలేది చిరాకు మాత్రమే. ఆ తెల్లవారుజామున ఎవరి గుమ్మం ముందూ నిలబడేవారు కాదు.

ఆ 20,000ను మీరు ‘దాచుకున్నది’ అన్నారు. డిస్కౌంటు కనబడగానే తీసేస్తే అది దాచుకున్నది ఎలా అవుతుందండీ? ఆక్వా రైతుకు ఇది మరీ ప్రమాదం. జీతగాడికి ఒకటో తారీఖు ఉంటుంది. మీకు పట్టుబడి ఉంటుంది, అదీ కౌంటు రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) నిలబడితే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఏమైందో మీకు నేను చెప్పాలా? జీతగాళ్ళకు మూడు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. మీకు ఆరు నెలలు కావాలి, అంటే 1,08,000. ఇది ఇంటికి. చెరువుకు వేరే నిధి: మోటారు కాలితే, రాత్రి కరెంటు పోయి డీజిల్ పోయాల్సి వస్తే, తుపాను గట్టు తెంపితే. కనీసం ఒక ఏరియేటర్ ఖరీదంత ఉండాలి. రెండూ ఒకే ఖాతాలో వేయకండి, చెరువు ఇంటిని తినేస్తుంది.

52,000 వెనక్కి వచ్చిన రోజున 40,000 ఊళ్ళో అప్పు అసలుకు కట్టండి. వడ్డీ నెలకు 1,800 నుంచి 600కు దిగుతుంది. మిగతా 12,000 ముట్టుకోకండి. అదీ అప్పుకే కట్టేయవచ్చు కదా అని లెక్కలు తెలిసినవాళ్ళు అంటారు. లెక్క ప్రకారం వాళ్ళది నిజమే. కానీ చేతిలో సున్నా ఉంటే, మళ్ళీ రొయ్య తేలిన రోజున మీరు వెళ్ళేది ఆ మూడు రూపాయల గుమ్మానికే. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఊళ్ళో అప్పు పూర్తిగా తీర్చేయండి, వడ్డీ సగం కూడా ఉండదు. కిసాన్ క్రెడిట్ కార్డు రొయ్యల సాగుకూ ఇస్తారు. నోటి మాట లీజుతో వెళితే బ్యాంకు తిప్పి పంపుతుంది, వచ్చే పంటకైనా కాగితం రాయించుకోండి.

పట్టుబడి డబ్బులో మేత డీలరు బాకీ, మిగిలిన 20,000 అప్పు పోగా ఉన్నదాంట్లోంచి మొదట 30,000 ఆ 12,000 పక్కన వేయండి. కొత్త ఫోను, పండగ బట్టలు, వచ్చే పంట సీడు అడ్వాన్సు, ఏదైనా దాని తర్వాతే.