పేరుకు రెండూ కరోలాలే

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. వచ్చే నెల ఉద్యోగానికి ఆక్లండ్ వస్తాండా. అక్కడ 2009 కరోలా ఆక్సియో ఒకటి బేరానికొచ్చింది, ఎడమ హెడ్‌లైటు పగిలింది. కడపలో కరోలా లైటు తక్కువకే దొరుకుతుందంటాండారు. కొని తెచ్చుకోనా? కారు మోడల్ సరైనదో కాదో ఎట్ల తెలుసుకోవాల?

జవాబు: తమ్ముడూ, లైటు మాత్రం కొనొద్దు. మన ఊళ్లలో తిరిగే కరోలా ఆల్టిస్ వేరు, జపాన్‌లో అమ్మిన ఆక్సియో వేరు. జపాన్‌లో చిన్న కారు తరగతికి వెడల్పు హద్దు 1,700 మిల్లీమీటర్లు. ఆక్సియోను అందుకే 1,695లో ఆపారు. అదే కాలపు ఆల్టిస్ 1,760. లైటు, బానెట్, బంపర్ ఏదీ దీనికి కూర్చోదు.

విన్ నంబరు, అంటే కారు గుర్తింపు నంబరు చూసి మోడల్ తేల్చుకోవచ్చనుకుంటావేమో. జపాన్ లోపల అమ్మిన కార్లకు 17 అక్షరాల విన్ ఉండదు. న్యూజిలాండ్‌కు వచ్చాక ఇక్కడే ఒకటి వేస్తారు, 7ఎ8 అనో 7ఎటీ అనో మొదలవుతుంది. పదో అక్షరంతో సంవత్సరం లెక్కగట్టే పద్ధతి దానికి పనికిరాదు. అసలు గుర్తు ఫ్రేమ్ నంబరు, అంటే తయారీలోనే బాడీ మీద కొట్టిన నంబరు. ఎన్‌జడ్‌ఈ141 అని మొదలై, హైఫన్ తర్వాత వరుస అంకెలు ఉంటాయి. ఎన్‌జడ్‌ఈ141 అంటే 1.5 లీటర్, ముందు చక్రాల డ్రైవ్. ఎన్‌జడ్‌ఈ144 అయితే నాలుగు చక్రాల డ్రైవ్, వెనక యాక్సిల్ సామాను వేరు. జడ్‌ఆర్‌ఈ142 అయితే 1.8 లీటర్. మూడూ పక్కపక్కన పెడితే బయటికి ఒకేలా ఉంటాయి.

బానెట్ ఎత్తి, లేదా డోర్ పిల్లర్ దగ్గర, చిన్న లోహపు ప్లేటు వెతుకు. ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసుకో. మోడల్, ఇంజిన్, ఫ్రేమ్ నంబరు, రంగు, ట్రిమ్, గేర్‌బాక్స్ అన్నీ దాని మీదే ఉంటాయి. ఇంజిన్ వరుసలో 1ఎన్‌జడ్-ఎఫ్ఈ అని ఉంటే అది టైమింగ్ చైన్ ఇంజిన్, దానికి టైమింగ్ బెల్టే ఉండదు. "టైమింగ్ బెల్ట్ కొత్తది వేయించాం" అని అమ్మేవాడు చెప్తే, ఆయనకు కారు తెలియదనో, అబద్ధమనో అర్థం. గేర్‌బాక్స్ కోడ్ కె అక్షరంతో మొదలైతే సీవీటీ, అంటే గేర్ల మెట్లు లేకుండా లోపల బెల్ట్‌తో నడిచే ఆటోమేటిక్. అందులో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే లోపలి బెల్ట్ జారి గేర్‌బాక్సే పోతుంది. ఆ ఖర్చు కారు ధరకు దగ్గరగా వస్తుంది, అందుకే ఈ ఒక్క వరుస రెండుసార్లు చదువు.

ప్లేటు మీది ఫ్రేమ్ నంబరు, బాడీ మీద కొట్టిన నంబరు అంకె అంకె కలవాలి. టొయోటాల్లో ఎక్కువగా ఇంజిన్ వెనక అడ్డుగోడ మీదో, ముందు సీటు కింద కార్పెట్ తొలగిస్తేనో కనిపిస్తుంది. చుట్టూ కొత్త పెయింటు, గ్రైండింగ్ గీతలు ఉంటే బేరం వదిలేయ్.

రంగు కోడ్ కూడా ఊరికే పెట్టలేదు. 040 అంటే తెలుపు. ప్లేటు మీద 040 ఉండి కారు నీలంగా ఉంటే రంగు మార్చినట్టే. ఫెండర్, బానెట్ బోల్టుల తలల మీద పెయింటు చెక్కు లేచి ఉంటే ఆ ప్యానెల్ ఒకసారి ఊడింది. హెడ్‌లైట్ల మీద తయారీదారు పేరు, చిన్న నంబరు ఉంటాయి. ఎడమ, కుడి ఒకటే ఉండాలి. అద్దాల మీది ముద్ర కూడా అంతే, ఒక్క అద్దం మీద వేరే కంపెనీ పేరుంటే ఎందుకు మార్చారని అడుగు. సీటు బెల్ట్ అడుగున చీటీ మీద తయారీ తేదీ ఉంటుంది. అది కారు తేదీకి బాగా తర్వాతదైతే బెల్ట్ మార్చారు, అంటే గట్టి ప్రమాదమేనని అనుమానించాల్సిందే.

సంవత్సరం సంగతి. జపాన్ కాగితంలో సంవత్సరం వాళ్ల చక్రవర్తుల శకాల్లో ఉంటుంది. హైసే శకం 21 అని ఉంటే 1988 కలుపు, 2009 వస్తుంది. తర్వాతి శకం రేవా అయితే 2018 కలుపు. అది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, తయారైన తేదీ కాదు. జపాన్‌లో కారును వేలం వేసినప్పుడు దాని స్థితి రాసిన వేలం చీటీ ఉంటే అడిగి తీసుకో. గ్రేడ్ గడిలో ఆర్ ఉంటే ప్రమాదం తర్వాత బాగుచేసింది. చీటీలోని కారు బొమ్మ మీద ఎక్స్‌ఎక్స్ ఉన్న చోట ప్యానెల్ మార్చారు, డబ్ల్యూ ఉన్న చోట సొట్ట తీసి పెయింటేశారు. డీలర్ దగ్గరైతే కారు వివరాల కార్డు అద్దానికి పెట్టి తీరాలి. సొంతదారు అమ్మితే అది ఉండదు, నువ్వే చూసుకోవాలి.

ఇక లైటు. ఫ్రేమ్ నంబరు మొత్తం రాసి విడిభాగాల కౌంటర్‌లో ఇస్తే సరైన పార్ట్ నంబరు తీసిస్తారు. టొయోటా నంబరులో మొదటి ఐదు అంకెలు వస్తువేమిటో చెప్తాయి. 04465 ముందు బ్రేక్ ప్యాడ్లు, 17801 ఎయిర్ ఫిల్టర్. తర్వాతి అంకెల్లోనే నీ కారుదా పక్కకారుదా అన్న తేడా ఉంటుంది. అక్కడ ఒక్క అంకె తేడా వచ్చినా వస్తువు తీసుకోవద్దు. పాత సామాను యార్డులో వెతికేటప్పుడు కూడా ఎన్‌జడ్‌ఈ141 లైటు అని అడుగు. ఈ మోడల్ తయారైన కాలం మధ్యలో ముందు భాగం రూపు మారింది కాబట్టి, నీ కుడి లైటు ఫోటో, దాని మీది నంబరు వాళ్లకు చూపించి ఎడమది తీసుకో.